వాస్తు, వస్తువు, పింగాణీ జాడీ

పాతకాలపు పింగాణీ పూలకూజాను ఇంట్లో ఏ మూల పెడితే దాంపత్యం నిలుస్తుందో, ఏ మూల పెడితే పిల్లలకు చదువు అబ్బుతుందో చెప్పే పుస్తకాలు తెలుగులో చాలా వచ్చాయి. పత్రికల ఆదివారం అనుబంధాల్లో శీర్షికలు వచ్చాయి, టీవీల్లో కార్యక్రమాలు వచ్చాయి. సాహిత్య విమర్శకు వీటితో పనేమిటని మిత్రులు అడగవచ్చు. పని ఉంది. ఇంటి సామాను గురించి మన మధ్యతరగతి చదివే వచనంలో పెద్ద భాగం ఇదే. కథల పుస్తకం ఒక్కటి కూడా లేని ఇల్లు రాంనగర్ నుంచి చిక్కడపల్లి దాకా ఎన్నయినా చూపించవచ్చు గాని, కొత్తగా లేచిన అపార్టుమెంట్లలో ఫెంగ్‌షూయి మాట వినని ఇల్లు అరుదు. పైగా ఈ వచనం వస్తువును చూసే తీరుకూ, మన కథకులు చాలామంది వస్తువును చూసే తీరుకూ దగ్గరి చుట్టరికం ఉంది. నాకు పట్టింపు ఆ చుట్టరికంతోనే.

ముందు ఆ శాస్త్రం ఏమంటుందో చూద్దాం. ఫెంగ్ అంటే గాలి, షూయి అంటే నీరు. చైనాలో దీనికి మూలమని చెప్పే 'సమాధుల గ్రంథం' క్రీ.శ. 276–324 మధ్య జీవించిన గ్వో పు పేరు మీద ప్రచారంలో ఉంది. పేరే చెబుతున్నట్టు దాని ప్రధానమైన చింత చనిపోయినవాళ్ళను ఎక్కడ పాతాలన్నది. కొండవరస ఎటు తిరిగింది, నీరు ఎటు పారుతోంది, గాలి ఎక్కడ ఆగుతోంది అన్నవి దాని ప్రశ్నలు. వ్యవసాయం మీద బతికే సమాజానికి ఆ ప్రశ్నల్లో కొంత అర్థముంది. ఉత్తరపు చలిగాలికి వెనక కొండ అడ్డం ఉండి, ముందు నీటివసతి ఉన్న చోట ఊరు కట్టుకోవడం మూఢత్వమేమీ కాదు. 1949 తర్వాత చైనాలో, ముఖ్యంగా 1966లో మొదలైన సాంస్కృతిక విప్లవకాలంలో, దీన్ని పాత దురాచారాల జాబితాలో చేర్చి వెంటపడ్డారు. హాంకాంగ్‌లో, తైవాన్‌లో అది నిలిచింది. 1970, 80లలో లిన్ యున్ వంటివారి చేతుల్లో అమెరికా ఇళ్ళకు సరిపోయే పడకగది శాస్త్రంగా, షెల్ఫు శాస్త్రంగా మారింది. మలేషియా రచయిత్రి లిలియన్ టూ ఇంగ్లీషు పుస్తకాల వంటి వాటి ద్వారా 1990ల చివర మన దగ్గరికి వచ్చింది ఈ మారిన సరుకే. కొండా నీరూ దారిలో ఎక్కడో రాలిపోయాయి. షెల్ఫు మిగిలింది.

దాని ప్రకారం పింగాణీ కాల్చిన మట్టి గనక మట్టి దిక్కుల్లో ఉండాలి. అవి నైరుతి, ఈశాన్యం, ఇంటి నడిమిభాగం. నైరుతిలో జంటగా పెడితే సంసారం, ఈశాన్యంలో పెడితే చదువు. ఇక్కడే మన ఇళ్ళలో చిక్కు వచ్చింది. మన వాస్తు నైరుతిలో బరువు ఉండాలంటుంది. అక్కడ రెండు శాస్త్రాలకూ పొత్తు కుదురుతుంది. కాని ఈశాన్యం ఖాళీగా, తేలికగా, పల్లంగా ఉండాలని వాస్తు. మట్టి కూజా పెట్టమని ఫెంగ్‌షూయి. కొట్లో అడిగితే, చిన్నదీ తేలికదీ చూసి పెట్టుకోండి, రెండూ పాటించినట్టవుతుంది అంటారు. రెండు దర్శనాల సమన్వయం ఇంత చవకగా జరిగిన సందర్భం తత్వశాస్త్ర చరిత్రలో మరొకటి ఉందనుకోను. అలాగే నవ్వే బుద్ధుడు. చైనా సంప్రదాయం ప్రకారం అతను పదో శతాబ్దం తొలినాళ్ళ దాకా బతికిన బుదాయి అనే సన్యాసి. గుడ్డసంచీ భుజాన వేసుకుని ఊళ్ళు తిరిగిన బికారి. మన దుకాణాల్లో గల్లాపెట్టె పక్కన కూర్చుని కుబేరుడి ఉద్యోగం చేస్తున్నాడు. అతన్ని సొంతానికి కొనుక్కోకూడదట, ఎవరైనా బహుమతిగా ఇవ్వాలట. దీన్ని నమ్మకమనాలో వ్యాపారమనాలో పాఠకులే తేల్చుకోవచ్చు.

ఇంతవరకూ హేతువాదులు చెప్పేదే. విమర్శకుడు చూడవలసింది ఈ పుస్తకాల వాక్యాన్ని. 'ఉంచాలి', 'ఉంచరాదు', 'దుమ్ము పట్టకుండా చూసుకోవాలి', 'పగుళ్ళిస్తే వెంటనే తీసివేయాలి' – వాక్యాలన్నీ ఈ అచ్చులో పోసినవే. తెలుగులో ఈ రకమైన క్రియకు కర్తను చెప్పనక్కరలేదు. వ్యాకరణం చెప్పుకుని బతికేవాణ్ణి గనక నాకిది ముందు కనబడుతుంది. దుమ్ము పట్టకుండా చూసుకోవాలి సరే, ఎవరు? పుస్తకం కొన్న యజమాని కాదు. ఉదయం ఆరింటికి రాంనగర్ గుండు చుట్టుపక్కల బస్తీల నుంచి వచ్చి, నాలుగు ఇళ్ళలో అంట్లు తోమి, గచ్చు తుడిచి, చివరికి ఆ కూజాను తడిగుడ్డతో కాక పొడిగుడ్డతో తుడవవలసిన పనిమనిషి. వాక్యంలో ఆమెకు చోటు లేదు. చోటు లేకపోవడం వాక్యానికి ఇబ్బంది కూడా కలిగించడం లేదు. భాష ఎంత నునుపుగా పనిచేస్తోందో గమనించాలి.

ఆ కూజా ఆమె చేతిలో పగిలిన రోజున మాత్రం కర్త ప్రత్యక్షమవుతుంది. అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్తకుండ అని మనవాళ్ళు ఊరికే అనలేదు. పగిలినదాని విలువ పగలగొట్టినవాళ్ళు ఎవరన్నదాన్ని బట్టి ఉంటుంది. ఇంటి యజమాని చెయ్యి తగిలి పడితే దిష్టి పోయిందంటారు. పనిమనిషి చెయ్యి తగిలితే నెల జీతంలో కోత. ఫెంగ్‌షూయి వచ్చాక కోతకు తోడు మరో నేరం కూడా చేరింది. ఆమె పగలగొట్టింది కూజాను మాత్రమే కాదు, ఆ ఇంటి దాంపత్యాన్ని లేదా పిల్లవాడి ఇంజనీరింగ్ సీటును.

ఒక్క చోట మాత్రం ఈ పుస్తకాలు అడగవలసిన ప్రశ్న అడుగుతాయి. పాత వస్తువుకు పాత యజమానుల శక్తి అంటుకుని ఉంటుందనీ, అది ఎవరిదో, వాళ్ళు ఎలా బతికారో తెలియకుండా ఇంట్లోకి తేవద్దనీ హెచ్చరిస్తాయి. ఇది ఎవరిది? ఏ ఇంటి నుంచి వచ్చింది? ఎందుకు అమ్మారు? శక్తి మాట పక్కన పెట్టి చూస్తే ఇవి చరిత్రకారుడి ప్రశ్నలు. కథకుడి ప్రశ్నలు కూడా. ఇంత మంచి ప్రశ్న వేసి, జవాబుగా ఉప్పునీళ్ళతో కడిగి ఎండలో పెట్టమంటాయి. ప్రశ్న కూడా ఆ నీళ్ళతోనే పోతుంది. (సరిగా కాలని పాత మట్టిసామాను మీద ఉప్పునీరు పోస్తే, ఉప్పు లోపలికి ఇంకి, ఆరేటప్పుడు గడ్డకట్టి, పైపూతను పెచ్చులుగా లేపుతుంది. ఆ సంగతి వేరు.)

కడగకుండా జవాబు వెతికితే హైదరాబాదులో ఏం దొరుకుతుంది? సాలార్‌జంగ్ మ్యూజియంలోని చైనా పింగాణీని తీసుకుందాం. మూడో సాలార్‌జంగ్, మీర్ యూసుఫ్ అలీఖాన్, 1912 నుంచి 1914 దాకా నిజాంకు దివానుగా ఉండి, ఆ తర్వాత జీవితమంతా సేకరణకే పెట్టాడు. 1949 మార్చిలో వారసులు లేకుండా పోయాడు. 1951 డిసెంబరు 16న నెహ్రూ ఆ సేకరణను దివాన్ దేవిడీలో మ్యూజియంగా ప్రారంభించాడు. 1968లో అది మూసీ ఒడ్డున ఇప్పుడున్న భవనానికి మారింది. అందులో లేత పచ్చటి చైనా పళ్ళేలు ఉన్నాయి. మన దేశపు దర్బారుల్లో వీటిని ఘోరీ అనేవారు. విషం కలిసిన అన్నం వడ్డిస్తే ఈ పళ్ళెం పగులుతుందని, లేదా రంగు మారుతుందని నమ్మకం. ఏ విషానికీ ఆ పూత రంగు మారదు. కాని ఆ నమ్మకం అబద్ధం కావడం చేతనే పనికిరానిది అయిపోదు. అలాంటి పళ్ళెం ఎవరికి కావాలి? తన వంటవాణ్ణి, తన తమ్ముణ్ణి, తన కొడుకును నమ్మలేనివాడికి కావాలి. ఆ పచ్చరంగు మీద రాసి ఉన్నది ప్రభువుల భయం. ఏ దిక్కున పెట్టారన్న దానికంటే ఈ భయం చెప్పేది ఎక్కువ.

పళ్ళేనికి రెండు చివరలున్నాయి. ఒక చివర చైనా బట్టీలు. జింగ్‌దెజెన్ కుమ్మరుల పట్టణం నుంచి ఫ్రెంచి మతగురువు దాంత్రకోల్ 1712లో రాసిన లేఖ ప్రకారం, ఒక్క పింగాణీ పాత్ర తయారు కావడానికి డెబ్బై మంది చేతులు మారుతుంది. మన్ను తొక్కేవాడు, సారె తిప్పేవాడు, అంచు దిద్దేవాడు, పువ్వు గీటు గీసేవాడు, ఆ గీటులో రంగు నింపేవాడు, పూత ముంచేవాడు, బట్టీ కాపు కాసేవాడు, ఇలా. యంత్రాలు రాకముందే ఇంత శ్రమవిభజన. ఆ లేఖ వెనక ఉద్దేశం రహస్యం ఐరోపాకు చేరవేయడమే. ఐరోపాలో దానికి రెండేళ్ళ ముందు, 1710లో, మైసెన్‌లో సొంత కార్ఖానా మొదలైంది.

రెండో చివర ఇక్కడ ఉంది. ఆ పళ్ళెం ఖరీదు జాగీరు రాబడి నుంచి వచ్చింది. జాగీరు రాబడి పండించిన రైతు నుంచి, వెట్టి చేసినవాడి నుంచి వచ్చింది. 1949 ఆగస్టు 15న జాగీర్దారీ రద్దయింది. ఆ తర్వాతి దశాబ్దాల్లో దేవిడీలు ఒక్కటొక్కటే ఖాళీ అయి సామాను చేతులు మారింది. జాతకం బాగులేక కాదు, రాబడి ఆగిపోయి. ఇవాళ 'పాతకాలపుది' అన్న ముద్రతో వచ్చే పింగాణీలో అసలైనది కొంచెమే. మిగతాది అలా కనబడేట్టు చేసిన కొత్త సరుకు. అసలైన దాని వెనక మాత్రం ఈ కూలిపోవడం ఉంది. చైనా సామాను మధ్య కూర్చుంటే అదృష్టం వస్తుందనుకునేవాళ్ళు తానీషాను కూడా తలుచుకోవాలి. 1687లో గోలకొండ పడిపోయాక అతను మిగిలిన జీవితం గడిపిన జైలు పేరు చీనీమహల్. దౌలతాబాదు కోటలో ఉంది. గోడలకు నీలిరంగు పింగాణీ బిళ్ళలు తాపడం చేయబట్టి ఆ పేరు.

నవాబుల మాట అలా ఉంచి మన ఇళ్ళకు వద్దాం. పింగాణీ అన్న మాటే పారశీకం వైపు నుంచి వచ్చింది. మడి ఆచారం గట్టిగా పాటించిన ఇళ్ళలో పింగాణీ కప్పుకు వంటింటి గడప దాటే హక్కు ఉండేది కాదు. కంచూ ఇత్తడీ అయితే చింతపండు పెట్టి తోమితే శుద్ధి అవుతాయి. మట్టిది ఎంగిలిపడితే శుద్ధి లేదు. పైగా అది ముస్లిములూ దొరలూ తినే బల్లమీది సామాను. అందుకని ఒకటో రెండో కప్పులు వేరే ఉంచేవారు, కులం తక్కువ అనుకున్నవాళ్ళకు చాయ్ పోయడానికి. వాటి చోటు అరుగు మీద, చూరు కింద. విచిత్రమేమిటంటే అదే వంటింట్లో అన్నిటికంటే మడిగా ఉన్నది మరో పింగాణీ సామాను – ఆవకాయ జాడీ. అదీ కాల్చిన మట్టే, అదీ గాజుపూతే. హైదరాబాదు ఉర్దూలో దాన్ని మర్తబాన్ అంటారు. బర్మాలోని మర్తబాన్ రేవు పేరు అది. సముద్రం దాటి వచ్చిన పేరున్న జాడీకి మడిబట్ట కట్టుకోనిదే చెయ్యి తగలకూడదు. ఉప్పూ కారం నూనె ఏళ్ళ తరబడి నిలవున్నా చెడని పాత్ర మరొకటి లేదు గనక, ఆచారం అక్కడ కళ్ళు మూసుకుంది.

ఎనిమిది దిక్కుల లెక్కలో రాని తొమ్మిదో దిక్కు ఒకటి మన ఇళ్ళలో ఎప్పుడూ ఉంది. దాని పేరు బయట. వాస్తు గాని ఫెంగ్‌షూయి గాని ఆ దిక్కు గురించి మాట్లాడవు. పల్లెల్లో రెండు గ్లాసుల పద్ధతి ఆ దిక్కుదే. దాన్ని కాస్తయినా చెదరగొట్టినవాటిలో మన ఇరానీ హోటల్ కప్పు ఒకటి. ఆర్టీసీ క్రాస్‌రోడ్డులో గాని నారాయణగూడలో గాని అలాంటి హోటల్లో, ఒక మనిషి పెదవి తగిలిన మందపాటి తెల్లకప్పు కడిగి మరో మనిషికి ఇస్తే, ఎవరి కులం ఎవరూ అడగలేదు. ఆ కప్పు మీద మన కథకులు సిగరెట్టు పొగతో పాటు చాలా కవిత్వం చెప్పారు గాని, ఈ సంగతి చెప్పింది తక్కువ.

ఇక కథల దగ్గరికి. మన విమర్శలో వస్తువు అంటే ఇతివృత్తం. వస్తువా శిల్పమా అని దశాబ్దాలుగా వాదించుకున్నాం, మంచిదే. ఆ వాదంలో చేతితో పట్టుకునే వస్తువు, గిన్నే కుర్చీ కూజా, ఎక్కడికో జారిపోయింది. ఎవరి జీవితం రాయాలన్నది తేల్చుకున్నాక, ఆ జీవితంలో సామానును రచయిత యాంత్రికంగా సర్దేస్తాడు. డబ్బున్నవాడి హాల్లో పింగాణీ కూజా, పేదవాడి గుడిసెలో చిల్లికుండ. కుటుంబం చీలే సన్నివేశంలో కూజా కిందపడి పగలాలి. కూతురు ఇల్లు విడిచి వెళ్ళే సన్నివేశంలో దాంట్లో పువ్వు వాడిపోవాలి. ఫలానా మూల ఫలానా వస్తువు పెడితే ఫలానా ఫలితం అనడానికీ దీనికీ తేడా ఎక్కడుంది? ఇదీ ఫెంగ్‌షూయే. అక్కడ ఫలితం ధనం, ఇక్కడ ఫలితం భావం. రెండింటిలోనూ వస్తువుకు చరిత్ర లేదు, బరువు లేదు, చోటు మాత్రమే ఉంది. పురోగామి కథ ఈ పని చేస్తే మరీ విచారించవలసి వస్తుంది, ఎందుకంటే శ్రమ అన్న మాటను ఎక్కువసార్లు వాడింది ఆ కథే.

దీనికి భిన్నంగా రాసినవాళ్ళున్నారు. అబ్బూరి ఛాయాదేవి 'బోన్సాయ్ బ్రతుకు' అందరికీ తెలిసిన కథ. అందులోనూ తూర్పుదేశాల అలంకారవస్తువే, తొట్టిలో మరుగుజ్జు చెట్టు. కాని కథ ఆ తొట్టి ఎక్కడ పెట్టారని అడగదు. అది అలా తయారు కావడానికి ఎవరు ఏం కత్తిరించారు, ఎంత ఓపిక పట్టారు, ఎంత ముచ్చటపడ్డారు అని చూస్తుంది. గాలివాన వచ్చినప్పుడు బయటి తురాయి చెట్టు కింద మనుషులు తలదాచుకోవడమూ, తొట్టి చెట్టును మాత్రం మనుషులే లోపలికి తెచ్చుకోవలసి రావడమూ పక్కపక్కన పెడుతుంది. ఆడపిల్లల పెంపకంతో పోలిక ఆ పనిలోంచి పుట్టింది కాబట్టే అతికించినట్టుండదు. చివర అక్కయ్య మాటల్లో ఆ పోలికను విప్పి చెప్పడం అవసరమా అన్నది నాకు ఇప్పటికీ సందేహమే. చూపించినది చాలు. అయినా వస్తువును పట్టుకోవడమెలాగో నేర్చుకోవాలనుకునే కొత్త కథకుడికి నేను చెప్పే పాఠం ఈ కథే.

మరో ఉదాహరణ సాహిత్యం కానిది. పదో తరగతి పిల్లలకు 'మా ఇంట్లో ఒక వస్తువు' అన్న వ్యాసం ఇచ్చాను. ఎక్కువమంది టీవీ గురించీ సెల్‌ఫోను గురించీ రాశారు. ఒక అమ్మాయి మాత్రం తన ఇంట్లో లేని వస్తువు గురించి రాసింది. వాళ్ళమ్మ పనిచేసే ఇంట్లో నీలి పువ్వుల కూజా. ఆదివారాలు అమ్మకు సాయం వెళ్ళినప్పుడు దాన్ని తుడిచే పని ఈ పిల్లది. ఎన్ని పువ్వులున్నాయో లెక్కపెట్టింది. మూతి దగ్గర ఒక ఆకుకు రంగు నింపడం మరిచిపోయారని రాసింది. అడుగున గోరంత పెచ్చు లేచి ఉందనీ, పైకెత్తితే గాని కనబడదనీ, అది ఆ ఇంటివాళ్ళకు తెలియదనీ, తెలిస్తే తామే చేశామంటారని అమ్మ చెప్పవద్దందనీ రాసింది. భాషలో తప్పులున్నాయి. నేను ఈ ఏడాది చదివిన అచ్చు కథల్లో ఇంతగా తెలిసిన వస్తువు నాకు తగల్లేదు. పగులున్న పింగాణీ అరిష్టమని నమ్మే ఇంట్లో, ఆ పగులు ఎక్కడుందో తెలిసినవాళ్ళు దాన్ని తుడిచేవాళ్ళు మాత్రమే. కథ అక్కడుంది.

ఇప్పుడు జాడీల వంతు వచ్చింది. చిక్కడపల్లి, నారాయణగూడ, రాంనగర్ పాత ఇళ్ళు కూల్చి అపార్టుమెంట్లు కట్టేటప్పుడు, రెండు గదుల్లో ఎక్కడ పెట్టుకుంటామని జాడీలను పాత సామాన్ల బండికి ఇచ్చేశారు. ఆవకాయ సీసాల్లో, సంచుల్లో బజారు నుంచి వస్తోంది. ఆ జాడీలే కొన్నాళ్ళకు కడిగి, వార్నిషు కొట్టి, 'పురాతన అలంకరణ' పేరుతో తిరిగి వచ్చాయి. మూతి కింద గోధుమరంగు, పొట్ట తెలుపు, అదే జాడీ. ఇప్పుడు దాంట్లో ఎండుపూలు. మట్టి మూలకం గనక నైరుతిలో పెట్టమని సలహా. ఒకప్పుడు దాని చోటును నిర్ణయించింది చీకటీ చల్లదనమూ ఆడవాళ్ళ నడుమూ. ఎండ తగలని మూల కావాలి, వంగి తీయగలిగిన ఎత్తు కావాలి. ఏ పంచాంగమూ చెప్పకుండానే దాన్ని సరైన చోట పెట్టినవాళ్ళ లెక్క పుస్తకాల్లో లేదు.

బండివాడు జాడీకి ఎంతిచ్చాడు, దుకాణంలో ఎంతకు అమ్ముడుపోయింది, మధ్యలో ఎన్ని చేతులు మారింది అన్నది రాయాలనుకునే రచయిత మ్యూజియం చీటీల మీద ఆధారపడితే లాభం లేదు. ఆ చీటీ సాధారణంగా వంశం, శతాబ్దం, దేశం చెప్పి ఊరుకుంటుంది. అదీ కర్త లేని వాక్యమే. ఇలాంటివాళ్ళు గురువారం జుమ్మేరాత్ బజారుకు వెళ్ళాలి, బేరం వినాలి. అయితే అక్కడ ఒక కొత్త ఇబ్బంది ఉంది. ఆ వ్యాపారం మాట్లాడేది దక్కనీ ఉర్దూ. పగులుకూ పెచ్చుకూ అతుక్కూ నకిలీకీ అక్కడ విడివిడి మాటలున్నాయి. తెలుగు కథకుల్లో ఆ మాటలు తెలిసినవాళ్ళు తగ్గిపోతున్నారు, తెలిసినవాళ్ళు కూడా అచ్చులోకి వచ్చేసరికి వాటిని తీసేసి 'పురాతన వస్తువు' అని రాస్తున్నారు.